పెద్ద డౌన్‌లోడ్ పెడితే సిస్టమ్ పడిపోతోందా? కెర్నెల్ క్రాష్‌లో అసలు దోషిని పట్టుకునే పద్ధతి ఇదీ

మామూలుగా బ్రౌజింగ్ చేస్తే ఏం కాదు. వీడియోలు చూసినా ఏం కాదు. కానీ 80 జీబీ గేమ్ డౌన్‌లోడ్ పెట్టినా, ఇంట్లో ఉన్న నాస్‌కి ఫొటోలన్నీ ఒకేసారి కాపీ చేసినా, అరగంటకో గంటకో స్క్రీన్ బిగుసుకుపోతుంది. లేదంటే సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయిపోతుంది. ఈ కంప్లైంట్ వినగానే మనవాళ్లు ఇచ్చే సలహాలు మూడే: ర్యామ్ మార్చు, ఫార్మాట్ కొట్టు, కొత్తది కొను. మూడింటిలో ఏది చేసినా డబ్బో టైమో పోతుంది. పోయాక కూడా ప్రాబ్లెమ్ అలాగే ఉంటే అప్పుడు వచ్చే చిరాకు వేరే లెవెల్.

ఈ ఆర్టికల్ మొత్తం లినక్స్ గురించే. మీరు లినక్స్ వాడట్లేదు అనుకుంటున్నారేమో, మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నది లినక్స్ కెర్నెల్. ఇంట్లో వైఫై రౌటర్‌లో చాలావరకు అదే. రాస్ప్‌బెర్రీ పై, నాస్ బాక్స్, పాత లాప్‌టాప్‌తో చేసుకున్న హోమ్ సర్వర్, అన్నింట్లోనూ అదే.

లోడ్ మీద నింద వేసే ముందు

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. నెట్‌వర్క్ లోడ్ ఎంత పెరిగినా కెర్నెల్ క్రాష్ అవ్వకూడదు. స్లో అవ్వొచ్చు, ప్యాకెట్లు వదిలేయొచ్చు, అంతే. నెట్‌వర్క్ కార్డు వచ్చిన ప్యాకెట్లను మెమరీలో రింగ్ బఫర్ అనే చోట పెడుతుంది. చాలా కార్డుల్లో డిఫాల్ట్‌గా అందులో 256 గదులు ఉంటాయి. 1 జీబీపీఎస్ లింక్ నిండా ఫుల్ సైజ్ ప్యాకెట్లు వస్తే సెకనుకు సుమారు 81,000 ప్యాకెట్లు. అంటే కెర్నెల్ ఒక 3 మిల్లీసెకన్లు పక్కకి చూసిందంటే ఆ 256 గదులూ నిండిపోతాయి. నిండితే కొత్తగా వచ్చినవి పోతాయి. పోయినవాటిని టీసీపీ మళ్లీ తెప్పించుకుంటుంది. డిజైన్‌లోనే ఉన్న సంగతి ఇది, ఇందులో తప్పేం లేదు.

మరి లోడ్ పెరిగినప్పుడే ఎందుకు పడిపోతోంది? లెక్క వేద్దాం. ఏదో డ్రైవర్‌లో ఒక బగ్ ఉంది, అది 100 కోట్ల ప్యాకెట్లకి ఒకసారి బయటపడుతుంది అనుకోండి. మామూలు బ్రౌజింగ్‌లో సగటున సెకనుకు 100 ప్యాకెట్లు వస్తే ఆ బగ్ కనిపించడానికి 115 రోజులు పైనే పడుతుంది. అన్ని రోజులు రీస్టార్ట్ చేయకుండా ఎవరూ ఉంచరు కాబట్టి అసలు కనిపించదనే చెప్పాలి. అదే సెకనుకు 81,000 ప్యాకెట్లు వెళ్తుంటే మూడున్నర గంటల లోపే బయటపడుతుంది. పగలంతా బాగానే ఉండి, రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడే పడిపోవడం వెనక ఉన్న సీక్రెట్ చాలాసార్లు ఇంతే. బగ్ ముందు నుంచీ ఉంది. లోడ్ దాన్ని త్వరగా బయటికి లాగింది.

ఇంకో కోణం కూడా ఉంది. హెవీ నెట్‌వర్క్ లోడ్ అంటే నెట్‌వర్క్ ఒక్కటే కాదు. ఫైల్ కాపీ అవుతుంటే సీపీయూ, ర్యామ్, డిస్క్, యూఎస్‌బీ, పవర్ సప్లై అన్నీ కలిసి పనిచేస్తుంటాయి. అసలే వీక్‌గా ఉన్న అడాప్టర్ మీద ఇదంతా పడితే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకి ఇది బాగా తెలుసు. బోర్డుకి వచ్చే వోల్టేజ్ సుమారు 4.63 వోల్టుల కంటే తగ్గితే కెర్నెల్ లాగ్‌లో అండర్ వోల్టేజ్ డిటెక్టెడ్ అని మెసేజ్ పడుతుంది. ఫోన్ చార్జర్‌తో పై నడుపుతూ, నెట్‌వర్క్ డ్రైవర్‌ని తిట్టుకునేవాళ్లు తక్కువేం లేరు.

ఒక యాప్ క్రాష్ అయితే యాప్ పోతుంది, ఇక్కడ మాత్రం అన్నీ పోతాయి

కెర్నెల్ లోపల తప్పు జరిగిన ప్రతిసారీ సిస్టమ్ మొత్తం ఆగిపోదు. ఏదైనా ప్రాసెస్ తరఫున పని చేస్తున్నప్పుడు కెర్నెల్ తప్పుడు అడ్రస్‌ని ముట్టుకుందనుకోండి, లాగ్‌లో ఊప్స్ అనే రిపోర్ట్ రాసి, ఆ ప్రాసెస్‌ని చంపేసి ముందుకు వెళ్లిపోవడానికి ట్రై చేస్తుంది.

కానీ వచ్చిన ప్యాకెట్లను అందుకునే కోడ్ ఎక్కువగా ఏ ప్రాసెస్ తరఫునా నడవదు. కార్డు ఇంటరప్ట్ ఇస్తుంది, కెర్నెల్ చేస్తున్న పని ఆపి సాఫ్ట్ ఇంటరప్ట్‌లో ప్యాకెట్లను తీసుకుంటుంది. అక్కడ తప్పు జరిగితే చంపడానికి ప్రాసెస్ ఏదీ లేదు. అందుకే ఇక చేసేదేం లేక ప్యానిక్ అవుతుంది. స్క్రీన్ మీద కనిపించే ఆఖరి లైన్‌లో ఫేటల్ ఎక్సెప్షన్ ఇన్ ఇంటరప్ట్ అని ఉంటే అర్థం ఇదే. నెట్‌వర్క్ బగ్‌లు సిస్టమ్‌ని మొత్తంగా పడేయడానికి అసలు కారణం కూడా ఇదే.

అదే లైన్‌లో నాట్ సింకింగ్ అనే మాట కూడా ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. డిస్క్‌కి రాయాల్సిన డేటా ఇంకా మెమరీలో ఉంది, దాన్ని రాయకుండానే ఆగిపోతున్నాను అని కెర్నెల్ చెబుతోందన్నమాట. పాడైన మెమరీతో డిస్క్ మీద రాస్తే ఉన్నది కూడా పాడవుతుంది కాబట్టి అలా ఆగడమే కరెక్ట్. మనకి మాత్రం దీనివల్ల రెండు నష్టాలు. కాపీ అవుతున్న ఫైల్ సగంలో ఆగుతుంది. ఎందుకు పడిపోయిందో చెప్పే లాగ్ కూడా డిస్క్‌కి చేరదు.

పడిపోయిన తీరులోనే మొదటి క్లూ

రీస్టార్ట్ బటన్ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. స్క్రీన్ బిగుసుకుపోయి, కీబోర్డ్ మీద క్యాప్స్ లాక్ లైట్ టకటకా మెరుస్తుంటే అది కెర్నెల్ ప్యానిక్. లాప్‌టాప్ సొంత కీబోర్డుల మీద ఇది చాలావరకు కనిపిస్తుంది, యూఎస్‌బీ కీబోర్డు మీద ఆశపెట్టుకోకండి. ఏ సూచనా లేకుండా కరెంట్ పోయినట్టు టక్కున ఆఫ్ అయితేనో, వెంటనే రీసెట్ అయితేనో ముందు పవర్, హీట్ వైపు చూడాలి. లినక్స్‌లో డిఫాల్ట్ సెట్టింగ్ ప్రకారం ప్యానిక్ తర్వాత సిస్టమ్ అలా నిలబడిపోతుంది, దానంతటది రీస్టార్ట్ అవ్వదు. కాకపోతే ఫోన్లు, రౌటర్లు, కొన్ని సర్వర్లలో రీస్టార్ట్ అయ్యేలా సెట్ చేసి ఉంటారు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

లైట్ మెరవకుండా అంతా బిగుసుకుపోతే అది లాకప్ కావొచ్చు. ఒక సీపీయూ ఏదో లూప్‌లో ఇరుక్కుని 20 సెకన్లు దాటినా బయటికి రాకపోతే సాఫ్ట్ లాకప్ అని లాగ్‌లో పడుతుంది.

ఇక్కడ భయపడక్కర్లేని మెసేజ్‌లు కూడా కొన్ని ఉంటాయి. ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్ అని పెద్ద స్టాక్ ట్రేస్‌తో వస్తే చూడ్డానికి క్రాష్‌లానే ఉంటుంది. నిజానికి పంపాల్సిన ప్యాకెట్లు కార్డులో ఇరుక్కుపోయాయి, కార్డుని రీసెట్ చేస్తున్నాను అని కెర్నెల్ ఇచ్చే వార్నింగ్ అది. అలాగే పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్ అనే మెసేజ్. ఇంటరప్ట్‌లో ఉన్న కోడ్ మెమరీ ఖాళీ అయ్యేదాకా ఆగలేదు, అడిగిన క్షణంలో దొరక్కపోతే ఆ ప్యాకెట్‌ని వదిలేస్తుంది. ర్యామ్ తక్కువ ఉన్న బోర్డుల్లో ఇది మామూలే. మిన్ ఫ్రీ కేబైట్స్ అనే సెట్టింగ్ కాస్త పెంచి, ఎప్పుడూ కొంత మెమరీ ఖాళీగా ఉండేలా చూస్తే తగ్గుతుంది. అయితే మెమరీ దొరకని సందర్భాన్ని సరిగ్గా చెక్ చేయని డ్రైవర్ ఉంటే మాత్రం అదే క్షణంలో నల్ పాయింటర్‌ని ముట్టుకుని ప్యానిక్ అవుతుంది. క్రాష్‌కి ముందు లాగ్‌లో ఇవి వరసగా ఉన్నాయంటే మీకు మంచి ఆధారం దొరికినట్టే.

సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది

మొదట జర్నల్‌సీటీఎల్‌తో పోయిన బూట్ తాలూకు కెర్నెల్ లాగ్ చూడండి. అదృష్టం బాగుంటే ఆఖరి లైన్లు ఉంటాయి. చాలాసార్లు ఉండవు, కారణం పైన చెప్పాను. అప్పుడు నాలుగు దారులు.

పీస్టోర్ అనేది మొదటిది. చనిపోయే ముందు కెర్నెల్ ఆఖరి మెసేజ్‌లని మదర్‌బోర్డు యూఈఎఫ్‌ఐ మెమరీలోనో, రీస్టార్ట్ అయినా చెరిగిపోని ర్యామ్ ముక్కలోనో దాచిపెడుతుంది. మళ్లీ బూట్ అయ్యాక సిస్టమ్‌డీ వాటిని తీసి వార్ లిబ్ సిస్టమ్‌డీ కింద పీస్టోర్ ఫోల్డర్‌లో పెడుతుంది. కొన్ని డిస్ట్రోలలో ఈ సదుపాయం ఆఫ్ చేసి ఇస్తారు, ముందే ఆన్ చేసుకోవాలి.

నాకు బాగా నచ్చేది నెట్‌కన్సోల్. కెర్నెల్ మెసేజ్‌లని యూడీపీ ప్యాకెట్లుగా ఇంకో సిస్టమ్‌కి లైవ్‌గా పంపేస్తుంది. అవతల ఏ పాత లాప్‌టాప్ ఉన్నా చాలు, 6666 పోర్ట్ మీద వింటూ ఉంటే సరిపోతుంది. ఒక చిక్కు ఉంది. ఏ కార్డు మీద అనుమానమో అదే కార్డు ద్వారా లాగ్ పంపితే, దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టు. రెండో కార్డు ఉండాలి. అది కూడా వైర్డ్ అయితే మంచిది, వైఫై డ్రైవర్లు చాలావరకు దీన్ని సపోర్ట్ చేయవు.

కెడంప్ ఇంకాస్త పెద్ద మెషిన్ల కోసం. మెమరీలో కొంత భాగం పక్కన పెట్టి అందులో రెండో కెర్నెల్‌ని రెడీగా ఉంచుతారు. మొదటిది చనిపోగానే రెండోది లేచి, మొదటిదాని మెమరీ మొత్తాన్ని డిస్క్ మీద సేవ్ చేస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న బుల్లి బాక్స్‌కి ఇది కాస్త ఎక్కువే అని నా ఒపీనియన్. నాలుగోది, అందరికీ ఈజీ అయినది: ఫొటో. 2024లో వచ్చిన 6.10 కెర్నెల్ నుంచి లినక్స్‌కి కూడా విండోస్ బ్లూ స్క్రీన్ లాంటి ప్యానిక్ స్క్రీన్ వచ్చింది. 6.12లో దానికి క్యూఆర్ కోడ్ కూడా కలిపారు, ఫోన్‌తో స్కాన్ చేస్తే లాగ్ చేతికొస్తుంది. మీ గ్రాఫిక్స్ డ్రైవర్ సపోర్ట్ చేయాలి మరి.

లాగ్ దొరికాక ఆఖరి ఊప్స్ చూడకండి, మొదటిది చూడండి. తర్వాత వచ్చేవి చాలావరకు మొదటిదాని తాలూకు శవయాత్రే. అందులో ఆర్‌ఐపీ అని మొదలయ్యే లైన్ దగ్గర ఆగండి. ఆర్మ్ బోర్డులో అయితే పీసీ అని ఉంటుంది. క్రాష్ అయిన క్షణంలో నడుస్తున్న ఫంక్షన్ పేరు, అది డ్రైవర్ మాడ్యూల్‌లోదైతే చదరపు బ్రాకెట్లో ఆ మాడ్యూల్ పేరు అక్కడే ఉంటాయి. కింద కాల్ ట్రేస్‌లో ప్రశ్నార్థకం ఉన్న లైన్లని నమ్మకండి. ఇక టెయింటెడ్ అనే మాట పక్కన ఉండే అక్షరాలు చూడండి. ఓ ఉంటే కెర్నెల్‌తో రాని బయటి మాడ్యూల్ లోడ్ అయ్యి ఉంది, పీ ఉంటే ప్రొప్రైటరీ మాడ్యూల్, ఎం ఉంటే ప్రాసెసరే హార్డ్‌వేర్ ఎర్రర్ రిపోర్ట్ చేసింది. ఎం కనిపిస్తే సాఫ్ట్‌వేర్ వైపు వెతకడం అక్కడితో ఆపేయొచ్చు.

మదర్‌బోర్డు పోయిందన్నారు

మా ఫ్రెండ్ ఒకడు గుంటూరులో పాత లాప్‌టాప్‌ని హోమ్ సర్వర్‌గా వాడుతున్నాడు. వాళ్ల అక్క పెళ్లి వీడియోలు, ఫొటోలు కలిపి 400 జీబీ దాకా ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన హార్డ్ డిస్క్ అప్పటికే కటకట శబ్దం చేస్తోంది, అందుకే తొందరగా సర్వర్‌లోకి లాగేయాలి. లాప్‌టాప్‌కి ఒక 2.5 జీబీపీఎస్ యూఎస్‌బీ ఈథర్‌నెట్ డాంగిల్ తగిలించాడు. బ్రాండ్ పేరెందుకులెండి. కాపీ మొదలైన గంట లోపే సిస్టమ్ బిగుసుకుపోతోంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే. ప్రతిసారీ ఆ ముసలి డిస్క్ మొదట్నుంచి తిరగాల్సి వస్తోంది, వాడి టెన్షన్ అంతా దాని గురించే. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, రిపేర్ కంటే కొత్తది బెటర్ అన్నారు.

క్యాప్స్ లాక్ మెరుస్తోందా అని ఫోన్‌లో అడిగా. మెరుస్తోందిరా అన్నాడు. అయితే కరెంట్ వైపు కాదు, కెర్నెల్ బతికి ఉండి తనంతట తానే ఆగిందన్నమాట. డిస్క్‌ని ముందు పీకి పక్కన పెట్టించా, టెస్టింగ్ కోసం దాన్ని తిప్పడం అనవసరం. రాత్రంతా మెమ్‌టెస్ట్86 ప్లస్ నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. తర్వాత ఐపెర్ఫ్3. ఇలాంటి కేసుల్లో దీన్ని మించిన టూల్ లేదు, ఎందుకంటే ఇది డిస్క్ జోలికి పోకుండా కేవలం నెట్‌వర్క్‌ని నింపుతుంది. లాప్‌టాప్ సొంత పోర్ట్ మీద ఆరు గంటలు నడిచింది, ఏం కాలేదు. డాంగిల్ మీద పెడితే 40 నిమిషాల్లో పడిపోయింది. రివర్స్ ఆప్షన్‌తో దిశ మార్చి చూస్తే, డాంగిల్ డేటా పంపేటప్పుడు బాగానే ఉంది, అందుకునేటప్పుడే పడుతోంది.

ఇక సొంత పోర్ట్ మీద నెట్‌కన్సోల్ పెట్టి, డాంగిల్ మీద లోడ్ పెట్టాం. ఈసారి పడిపోయినప్పుడు మొత్తం ఊప్స్ అవతలి సిస్టమ్‌లోకి వచ్చేసింది. ఆర్‌ఐపీ లైన్‌లో డాంగిల్ కంపెనీ డ్రైవర్ మాడ్యూల్ పేరు, ప్యాకెట్ అందుకునే ఫంక్షన్ పేరు ఉన్నాయి. టెయింటెడ్ పక్కన ఓ. బాక్స్‌లో ఇచ్చిన గైడ్ ప్రకారం కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దించి ఇన్‌స్టాల్ చేశాడట వాడు. అదే చిప్‌కి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది. బయటిదాన్ని తీసేసి, కెర్నెల్‌ని అప్‌డేట్ చేసి, ఐపెర్ఫ్3ని 12 గంటలు వదిలేశాం. ఫస్ట్ టైమ్ 40 నిమిషాలకి పడింది కాబట్టి గంటసేపు టెస్ట్ చేసి ఓకే అనేస్తే కుదరదు, దానికి చాలా రెట్లు నడవాలి. నడిచింది. అప్పుడు డిస్క్ తగిలించి ఆర్‌సింక్‌తో కాపీ పెట్టాడు. అయ్యాక చెక్‌సమ్ ఆప్షన్‌తో ఇంకోసారి నడిపితే ముందు క్రాష్‌లలో సగం సగం పడిన ఫైళ్లు రెండు దొరికాయి, అవీ సరి అయ్యాయి. మొత్తం ఖర్చు సున్నా.

డ్రైవర్ మార్చే ఛాన్స్ లేకపోతే ఆఫ్‌లోడ్‌లు ఆపి చూడొచ్చు. పెద్ద డేటాని ముక్కలు చేయడం, వచ్చిన ముక్కలని కలపడం లాంటి పనులు కార్డుతోనో డ్రైవర్ దగ్గరలోనో చేయిస్తారు, టీఎస్‌ఓ, జీఎస్‌ఓ, జీఆర్‌ఓ అంటే అవే. ఈథ్‌టూల్‌తో ఒక్కొక్కటే ఆపుతూ టెస్ట్ చేయండి. అన్నీ ఒకేసారి ఆపితే క్రాష్ తగ్గొచ్చు గానీ, ఏది కారణమో తెలియదు. సీపీయూ మీద భారం కూడా పెరుగుతుంది.

తప్పు కెర్నెల్‌దే అయితే?

అరుదే, కానీ జరుగుతుంది. 2019 జూన్ 17న బయటపెట్టిన శాక్ ప్యానిక్ దీనికి బెస్ట్ ఎగ్జాంపుల్. నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేస్తున్న జొనాథన్ లూనీ కనిపెట్టిన బగ్ ఇది. అవతలివాడు ఒక ప్రత్యేకమైన వరసలో టీసీపీ ప్యాకెట్లు పంపితే చాలు, లినక్స్ సర్వర్ ప్యానిక్ అయ్యేది.

లెక్క సింపుల్. పంపాల్సిన డేటాని కెర్నెల్ ఒక బఫర్‌లో 17 ముక్కల వరకు పెట్టుకోగలదు. ఎక్స్86లో ముక్కకి 32 కేబీ. ఈ మొత్తం ఎన్ని సెగ్మెంట్లు అవుతుందో లెక్కపెట్టే కౌంటర్ 16 బిట్లది, అంటే 65,535 దాటలేదు. మామూలుగా ఒక సెగ్మెంట్‌లో 1,400 బైట్లకి పైనే పడతాయి కాబట్టి ఆ సంఖ్య దరిదాపులకి కూడా పోము. కానీ అవతలివాడు సెగ్మెంట్ సైజుని కనిష్ఠమైన 48కి దించి, అందులో 40 ఆప్షన్లకే పోయేలా చేస్తే డేటాకి మిగిలేది 8 బైట్లు. 17 ఇంటూ 32 ఇంటూ 1,024, దాన్ని 8తో భాగిస్తే 69,632. కౌంటర్ పొంగిపోయింది. పక్కనే డెవలపర్ పెట్టిన చెక్ ఒకటి, ఈ లెక్క తేడాగా ఉందే అని కెర్నెల్‌ని అక్కడికక్కడే ఆపేసేది. లాగ్‌లో కెర్నెల్ బగ్ యాట్ అని ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో కనిపించేవి ఇలాంటి చెక్‌లే.

2009లో వచ్చిన 2.6.29 వెర్షన్ నుంచి పదేళ్లు ఎవరి కంటా పడకుండా ఉందిది. 5.1.11, 4.19.52 లాంటి వెర్షన్లలో సరిచేశారు. అప్‌డేట్ చేయలేనివాళ్లు అప్పటికప్పుడు టీసీపీ శాక్ సెట్టింగ్‌ని సున్నా చేసి గట్టెక్కారు. అందుకే, క్రాష్‌లో ఏ బయటి మాడ్యూల్ లేకుండా ఆర్‌ఐపీ నేరుగా టీసీపీ కోడ్‌లో కనిపిస్తే, మొదట చేయాల్సింది మీ సిరీస్‌లో లేటెస్ట్ వెర్షన్‌కి వెళ్లి మళ్లీ అదే టెస్ట్ నడపడం.

హాట్‌స్పాట్ పెడితే ఫోన్ రీస్టార్ట్ అవుతుంటే

ఫోన్‌లో మన చేతులు కొంచెం కట్టేసి ఉంటాయి, అయినా కొంత తెలుసుకోవచ్చు. రీస్టార్ట్ అయ్యాక సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ దగ్గర అప్‌టైమ్ చూడండి. సున్నా నుంచి మొదలైతే కెర్నెల్ స్థాయిలోనే పడిపోయింది. పాత టైమ్ అలాగే కొనసాగుతుంటే కెర్నెల్ బతికే ఉంది, పైనున్న ఆండ్రాయిడ్ సిస్టమ్ మాత్రమే తిరిగి మొదలైంది.

తర్వాత ఏడీబీ షెల్‌లో గెట్‌ప్రాప్‌తో సిస్ డాట్ బూట్ డాట్ రీజన్ విలువ చదవండి, దీనికి రూట్ అక్కర్లేదు. కెర్నెల్ ప్యానిక్ అనో, వాచ్‌డాగ్ అనో, షట్‌డౌన్ కామా థర్మల్ అనో వస్తుంది. థర్మల్ అని వస్తే మే నెల ఎండలో చార్జింగ్ పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేసిన ఫలితం, ఫోన్‌ని కవర్ తీసి ఫ్యాన్ కింద పెట్టి మళ్లీ చూడండి. కెర్నెల్ ప్యానిక్ అని వస్తే డెవలపర్ ఆప్షన్స్‌లోంచి వెంటనే బగ్ రిపోర్ట్ తీయండి. కొన్ని ఫోన్లలో పోయిన బూట్ తాలూకు ఆఖరి కెర్నెల్ మెసేజ్‌లు అందులోనే ఉంటాయి. సర్వీస్ సెంటర్‌కి వెళ్లేటప్పుడు ఆ ఫైల్, బూట్ రీజన్ స్క్రీన్‌షాట్, హాట్‌స్పాట్ పెట్టిన ఎన్ని నిమిషాలకి పడిందో రాసుకున్న చీటీ తీసుకెళ్లండి. ఆ బగ్ రిపోర్ట్‌లో మీ అకౌంట్లు, వైఫై పేర్లు లాంటివి కూడా ఉంటాయి కాబట్టి కంపెనీకి తప్ప ఎవరికీ పంపకండి.